గెలిచిందెవరో తాతని అడగండి



1963 డిసెంబరు 1. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం, జాక్సన్‌విల్ పట్టణం. అరమైలు చుట్టుకొలత ఉన్న మట్టి ట్రాక్ మీద కార్ల పందెం జరుగుతోంది. మొత్తం 200 చుట్లు తిరగాలి. 34 నంబరు వేసిన షెవ్రొలే కారును వెండెల్ స్కాట్ నడుపుతున్నాడు. వర్జీనియాలోని డాన్‌విల్ ఆయన సొంత ఊరు. ఒకప్పుడు టాక్సీ తోలాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో ఉన్నాడు. తన కారుకు తనే మెకానిక్, కొడుకులే సహాయకులు. ఆనాటి పెద్ద పందేల్లో నల్లజాతివాళ్ళు కనిపించడమే అరుదు. స్కాట్ నల్లజాతివాడు.

పందెం చివరికొచ్చింది. ఇంకో పాతిక చుట్లు ఉన్నాయనగా స్కాట్ రిచర్డ్ పెట్టీ అనే డ్రైవర్‌ను దాటి ముందుకు వెళ్ళాడు. 200 చుట్లూ పూర్తిచేశాడు. గెలిచినవాడికి ఊపాల్సిన నలుపు తెలుపు గళ్ళ జెండా మాత్రం కదల్లేదు. ఆయన ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. చివరికి బక్ బేకర్ అనే డ్రైవర్ గెలిచాడని ప్రకటించారు. ట్రోఫీ ఆయన చేతికిచ్చారు, ఫొటోలు తీశారు. లెక్క మళ్ళీ చూడమని స్కాట్ పట్టుబట్టాడు. అప్పట్లో ఏ కారు ఎన్ని చుట్లు తిరిగిందో మనుషులే కాగితం మీద రాసుకునేవారు. ఆ కాగితాలన్నీ ముందు వేసుకుని కూర్చుంటే, జనమంతా ఇళ్ళకు వెళ్ళిపోయిన తరువాత లెక్క తేలింది. గెలిచింది స్కాటే. అదీ రెండు చుట్ల తేడాతో. ప్రైజు డబ్బు ఇచ్చారు. ట్రోఫీ మాత్రం అప్పటికే ఊరు దాటిపోయింది.

అది లెక్కలో పొరపాటని నిర్వాహకులన్నారు. గెలిచినవాడికి అందాల రాణి ముద్దు పెట్టే ఆచారం ఉండేది. తెల్లజాతి అమ్మాయి పక్కన నల్లజాతి విజేతను జనం ముందు నిలబెట్టడం ఇష్టంలేకే అలా చేశారని స్కాట్ కుటుంబం నమ్మింది. ఆ నమ్మకం చాలామంది చరిత్రకారులకూ ఉంది. స్కాట్ 1990లో చనిపోయాడు. అమెరికాలో స్టాక్ కార్ల పందేలు నడిపే పెద్ద సంస్థ నాస్కార్ ఆయన్ను 2015లో తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకుంది. ఆనాటి విజయానికి గుర్తుగా ట్రోఫీని కుటుంబం చేతికి అందించింది మాత్రం 2021 ఆగస్టులో. అంటే పందెం జరిగిన దాదాపు 58 ఏళ్ళకు.

అన్నేళ్ళూ ఆ విజయాన్ని పట్టుకుని ఉన్నది ఎవరు? కొడుకులు, కూతుళ్ళు, మనవలు. ఇంట్లో చెప్పుకుంటూ వచ్చారు, బయట అడుగుతూ వచ్చారు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఈ సంగతే. అమెరికాలో మట్టి ట్రాక్ పందేల చరిత్రలో సింహభాగం పుస్తకాల్లో లేదు, తాతల దగ్గర ఉంది. తాతల మాటను యథాతథంగా నమ్మేయకూడదు. ముసలాయన ఏదో చెబుతున్నాడులే అని వదిలేయనూ కూడదు. ఆ మాటను కాగితం పక్కన పెట్టి చూడాలి. ఒక్కోసారి తాత కాగితాన్ని దిద్దుతాడు, ఒక్కోసారి కాగితం తాతను దిద్దుతుంది.

ముందు ఈ మట్టి ట్రాక్ ఎక్కడినుంచి వచ్చిందో చెప్పుకుందాం.

కార్లు పుట్టకముందే అమెరికాలో ట్రాకులున్నాయి. అవి గుర్రాలవి. ప్రతి కౌంటీలో, ప్రతి రాష్ట్రంలో ఏడాదికోసారి ఫెయిర్ జరిగేది. రైతులు పశువుల్ని, పంటల్ని తెచ్చి ప్రదర్శించేవారు. మైదానం మధ్యలో గుర్రపు పందేలకు అరమైలు ట్రాకో, మైలు ట్రాకో ఉండేది. ఒక పక్కన చెక్క మెట్ల గ్యాలరీ. కార్లు వచ్చేసరికి నేల సిద్ధంగా ఉంది, గ్యాలరీ సిద్ధంగా ఉంది, టిక్కెట్టు కొనే జనం కూడా సిద్ధంగా ఉన్నారు. 1896 సెప్టెంబరులో రోడ్ ఐలండ్ రాష్ట్రపు ఫెయిర్‌లో, నారగాన్‌సెట్ పార్క్ గుర్రపు ట్రాక్ మీద కార్లను పరుగెత్తించారు. అమెరికాలో ట్రాక్ మీద జరిగిన మొదటి కార్ల పందెంగా దాన్నే చెబుతారు. అందులో గెలిచింది పెట్రోలు కారు కాదు, రైకర్ కంపెనీ చేసిన బ్యాటరీ కారు! ఎలక్ట్రిక్ కారు నిన్న మొన్న వచ్చిందనుకునే మనవలకు ఈ సంగతి చెప్పాలి.

ఇంకో ఐదేళ్ళకు, 1901 అక్టోబరు 10న, డెట్రాయిట్ పక్కన గ్రోస్ పాయింట్ గుర్రపు ట్రాక్ మీద మరో పందెం జరిగింది. అలెగ్జాండర్ వింటన్ అప్పటికే పేరున్న కార్ల తయారీదారు, పేరున్న డ్రైవర్. ఆయనకు ఎదురుగా నిలబడింది మొదటి కంపెనీ మూతపడి చేతిలో పెద్దగా ఏమీ లేని హెన్రీ ఫోర్డ్. పది మైళ్ళ పందెం. మొదట్లో వింటన్ ముందున్నాడు. ఆయన ఇంజను మొరాయించింది, ఫోర్డ్ దాటేశాడు. వెయ్యి డాలర్ల బహుమతి కన్నా ఆ గెలుపు తెచ్చిన పేరు ఫోర్డ్‌కు ఎక్కువ ఉపయోగపడింది. డబ్బు పెట్టేవాళ్ళు మళ్ళీ ముందుకొచ్చారు. ఆ ఏడాది నవంబరులోనే కొత్త కంపెనీ పెట్టాడు. ప్రపంచాన్ని కార్లెక్కించిన మనిషికి దారి చూపించింది ఒక మట్టి ట్రాక్.

అమెరికాలో గుర్రాలు ఎడమవైపు తిరుగుతూ పరుగెత్తుతాయి. కార్లూ అదే వైపు తిరిగాయి. ఇప్పటికీ మట్టి ట్రాక్ పందెమంటే మొదటినుంచి చివరిదాకా ఎడమ మలుపే. చూడనివాళ్ళకు ఇది విసుగు పుట్టించే ఆటలా వినిపిస్తుంది. నాకూ అలాగే వినిపించింది, ఒహాయోలో మా అమ్మాయి ఇంటి పక్కన ఉండే పెద్దాయన నన్ను ఎల్డోరా అనే ట్రాకుకు తీసుకెళ్ళేదాకా.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళిన మనలాంటి వాళ్ళ రోజులు ఎలా గడుస్తాయో మీకు తెలుసు. పగలంతా ఇల్లు ఖాళీ, వీధి ఖాళీ. కంచె అవతల ఒక పెద్దమనిషి గరాజు తలుపు తీసుకుని ఏదో బాగుచేస్తూ కనిపిస్తాడు. ఆయన ట్రాక్టర్ల మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. నేనూ వర్క్‌షాపుల్లో బతికినవాణ్ణే కాబట్టి మాట కలిసింది. ఆయన పేరు చెప్పను. పేరుతో పనిలేదు కూడా, ఆ పల్లెల్లో అలాంటి తాతలు ఇంటికొకరున్నారు.

ఎల్డోరా స్పీడ్‌వే ఒహాయో పడమటి అంచున, రాస్‌బర్గ్ అనే చిన్న ఊరి దగ్గర, మొక్కజొన్న, సోయా చేల మధ్య ఉంది. దాన్ని కట్టిన ఎర్ల్ బాల్టెస్ ఇంజనీరు కాదు, రేసు డ్రైవరూ కాదు. పాటలకు బ్యాండు నడిపే వాద్యకారుడు. అక్కడ ఎల్డోరా బాల్‌రూమ్ అనే నాట్యశాల ఉండేది. శనివారం రాత్రుళ్ళు చుట్టుపక్కల జంటలు వచ్చి డాన్సు చేసేవారు. బాల్టెస్ దగ్గర్లో జరిగిన ఒక కార్ల పందేనికి వెళ్ళి, అక్కడి జనాన్ని చూసి ఆశ్చర్యపోయాడు. 1954లో బాల్‌రూమ్ పక్కనున్న పల్లంలో సొంత ట్రాక్ వేశాడు. మొదట చిన్నది. తరువాత పెంచి పెంచి అరమైలు చేశాడు. ఆయన, ఆయన భార్య బెర్నీస్ కలిసి యాభై ఏళ్ళు నడిపారు. 2001లో అక్కడ ఒకే పందేనికి పది లక్షల డాలర్ల బహుమతి పెట్టారు. డానీ మొరాన్ గెలుచుకున్నాడు. 2004లో రేసు డ్రైవర్ టోనీ స్టూవర్ట్ ఆ ట్రాక్‌ను కొన్నాడు. బాల్టెస్ 2015లో, 93 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

ఇదంతా కాగితం మీద ఉన్న చరిత్ర. పక్కింటి పెద్దాయన చెప్పే చరిత్ర వేరు. వాళ్ళ అమ్మా నాన్నా మొదట కలుసుకున్నది ఆ బాల్‌రూమ్‌లోనేనట. పిల్లవాడిగా ఆయన పందెం చూసి ఇంటికి వస్తే, వాళ్ళమ్మ గుమ్మంలోనే ఆపి, బట్టలు దులిపి, చెవుల్లో మట్టి కడిగిగానీ లోపలికి రానిచ్చేది కాదట. ఎల్డోరాలో ఎవరు గెలిచారో పత్రికలో దొరుకుతుంది. చెవుల్లో మట్టి సంగతి దొరకదు.

ఆ సాయంత్రం గ్యాలరీలో కూర్చుని ఆయన నాకు ముందుగా చూపించింది కార్లను కాదు, నేలను. పదేళ్ళ మనవడు పక్కనే ఉన్నాడు. వాడికీ అదే పాఠం. "కారును తరువాత చూడు, ముందు మట్టి రంగు చూడు" అన్నారు. ట్రాక్ మీద బంకమట్టి పరుస్తారు. మధ్యాహ్నం నుంచి ట్యాంకర్లతో నీళ్ళు పట్టి తడుపుతారు. తరువాత కార్లు, లారీలు మెల్లగా తిప్పి తొక్కిస్తారు. పందెం మొదలయ్యేసరికి మట్టి నల్లగా, జిగటగా ఉంటుంది. టైరుకు పట్టు దొరుకుతుంది. కార్లు తిరిగేకొద్దీ పైతడి ఆరిపోతుంది. నేల గట్టిపడి, నునుపెక్కి, వెలుతురులో మెరుస్తుంది. మెరిసే చోట పట్టు లేదని అర్థం. లేచిన మట్టి ట్రాక్ బయటి అంచుకు కొట్టుకుపోయి అక్కడ ఒక గట్టులా పేరుకుంటుంది. దాన్ని వాళ్ళు కుషన్ అంటారు. ధైర్యమున్నవాడు వెనక టైరును ఆ గట్టుకు ఆనించి, గోడకు జానెడు దూరంలో దూసుకెళతాడు. కాస్త తేడా వస్తే గోడే. జాగ్రత్తపరుడు లోపలి అంచున తడి వెతుక్కుంటాడు. సాయంత్రం ఆరింటి ట్రాక్ వేరు, రాత్రి పదింటి ట్రాక్ వేరు. రెండూ చదవగలిగినవాడే గెలుస్తాడు.

ఇక కారు. నేను చూసినవాటిలో స్ప్రింట్ కార్లున్నాయి. బరువు సుమారు 1400 పౌన్లు, అంటే 635 కిలోలు. ఇంజను శక్తి దాదాపు 900 హార్స్‌పవర్. ఇంధనం మెథనాల్. స్టార్టర్ ఉండదు, క్లచ్చి ఉండదు. వెనకనుంచి ట్రక్కుతో నెట్టి స్టార్టు చేస్తారు. నెత్తిన పెద్ద రేకు రెక్క, గాలి ఒత్తిడితో కారును నేలకు అదిమి ఉంచడానికి. 1958లో ఒహాయోలోని కొలంబస్‌లో జిమ్ కుష్‌మన్ అనే డ్రైవర్ తన కారు నెత్తిన అలాంటి రెక్క పెట్టి తెస్తే వింతగా చూశారట. వెనక కుడి టైరు ఎడమ టైరుకన్నా పెద్దది. రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి, ఒకే వేగంతో తిరుగుతాయి. టీ తాగే పేపరు కప్పును బల్ల మీద పడుకోబెట్టి తోస్తే అది తిన్నగా పోకుండా చిన్న మూతివైపు చుట్టు తిరుగుతుంది కదా, ఆ కారూ అలాగే దానంతటదే ఎడమకు తిరుగుతుంది. మలుపులో డ్రైవర్ స్టీరింగును కుడివైపు తిప్పి పట్టుకుంటాడు, కారు అడ్డంగా జారుతూ ఎడమకు వెళుతుంది. అంటే కారును తిప్పేది చేతులు కాదు, యాక్సిలరేటర్ మీద ఉన్న కాలు. ఇరవై నాలుగు కార్లు అలా అడ్డంగా జారుతూ ఒకేసారి మలుపులోకి వస్తుంటే ఇక విసుగు మాటెక్కడిది? మన మీద పడే మట్టిపెళ్ళలు చూసుకోవడమే సరిపోతుంది.

ఇప్పుడు తాత, కాగితం గొడవలోకి వద్దాం.

పెద్దాయన మనవడికి తరచూ చెప్పే కథ ఒకటుంది. తన పదహారో ఏట, జోరున వాన కురిసిన రోజున, బురదలోనే పందెం నడిచిందని, తన అభిమాన డ్రైవర్ చివరి మలుపులో గెలిచాడని. కథ అయ్యాక ఆయన భార్య లోపలినుంచి ఒక నోటుపుస్తకం తెచ్చారు. ఆవిడ కూడా చిన్నప్పటినుంచీ ట్రాకుకు వెళ్ళినవారే. ఆ రోజుల్లో చాలా ట్రాకుల్లో ఆడవాళ్ళను పిట్‌లోకి, అంటే కార్లు బాగుచేసే ఆవరణలోకి, రానిచ్చేవారు కాదు. 1970ల్లోగానీ ఆ తలుపులు తెరుచుకోలేదు. అందుకని ఆవిడ గ్యాలరీలోనే కూర్చుని, ఏ కారు ఎన్నో చుట్టులో ఎన్నో స్థానంలో ఉందో గీతలు గీసి రాసుకునేవారు. పుస్తకంలో ఏముందంటే, వాన వచ్చిన రోజున పందెమే జరగలేదు. వారం తరువాత, పొడి నేల మీద జరిగింది. టిక్కెట్టు ముక్క కూడా ఆ పేజీలోనే అంటించి ఉంది. తాత మనసులో రెండు శనివారాలు కలిసి ఒక్కటయ్యాయి. గెలిచినవాడి పేరు మాత్రం ఆయన చెప్పిందే నిజం.

మనవడు పెద్దగా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. "వానలో తడిసింది నిజమే, నా గొడుగు ఆయన పట్టుకుపోయారు" అన్నారు. పుస్తకంలో గొడుగు సంగతి లేదు.

ఈ చిన్న కథలో ఉన్నదే పెద్ద చరిత్రలోనూ ఉంది. స్టాక్ కార్ల పందేలకు పుట్టిల్లు దొంగసారా అని దక్షిణాది రాష్ట్రాల తాతలు చెబుతారు. రాత్రుళ్ళు సారా డబ్బాలు నింపుకుని, పోలీసులను తప్పించుకుంటూ కొండదారుల్లో కార్లు తోలిన కుర్రాళ్ళే ఆదివారం మధ్యాహ్నం ట్రాక్ మీద పోటీపడ్డారని. ఇది కట్టుకథ కాదు. జార్జియాలోని డాసన్‌విల్ వాడు లాయిడ్ సీ, అలాంటి కుర్రాడే. 1941 సెప్టెంబరు 1న అట్లాంటా దగ్గర లేక్‌వుడ్ మట్టి ట్రాక్ మీద పెద్ద పందెం గెలిచాడు. మర్నాడే, సారా కాచడానికి కొన్న చక్కెర లెక్కల తగాదాలో సొంత బంధువు అతన్ని తుపాకీతో కాల్చి చంపాడు. డాసన్‌విల్‌లో అతని సమాధిరాయి మీద కారు బొమ్మ చెక్కి ఉంది. ఆ కారు కిటికీలో అతని ఫొటో.

1949 జూన్ 19న నార్త్ కరోలినాలోని షార్లట్‌లో నాస్కార్ తన మొదటి స్ట్రిక్ట్‌లీ స్టాక్ పందెం, అంటే షోరూంలో కొన్న కారును మార్పులు చేయకుండా నడపాల్సిన పందెం, పెట్టింది. ముప్పావు మైలు మట్టి ట్రాక్. అందరికన్నా ముందు వచ్చింది గ్లెన్ డనవే. పందెం తరువాత కారును తనిఖీ చేస్తే వెనక స్ప్రింగులు మార్చి ఉన్నాయి. అది సారా మోసిన కారు. బరువు వేసినా కుంగకుండా చేసిన ఏర్పాటది. డనవే గెలుపును రద్దుచేసి, కాన్సాస్ రాష్ట్రంనుంచి వచ్చిన జిమ్ రోపర్‌ను విజేతగా ప్రకటించారు. కారు యజమాని కోర్టుకెక్కినా ఓడిపోయాడు. 

కాబట్టి తాతలు చెప్పే సారా కథ నిజమే. చిక్కేమిటంటే, రుచిగల కథ పక్కనున్న చప్పిడి కథను మింగేస్తుంది. ఈ పందేలను నిలబెట్టినవాళ్ళలో ఎక్కువమంది సారా మోసినవాళ్ళు కాదు. గ్యారేజీల వాళ్ళు, రైతులు, మిల్లు కార్మికులు, ఫెయిర్ కమిటీల వాళ్ళు. యుద్ధకాలంలో పెట్రోలు, రబ్బరు పొదుపు చేయాలని 1942 జూలై 31నుంచి ప్రభుత్వం మోటారు పందేలు ఆపేసింది. యుద్ధం ముగిసి సైనికులు ఇళ్ళకు తిరిగొచ్చారు. ట్యాంకులు, విమానాలు బాగుచేసిన చేతులవి. 1930ల నాటి పాత ఫోర్డు కార్లు చవగ్గా దొరికేవి. తలుపులు వెల్డింగు చేసి, అద్దాలు పీకేసి, తలుపు మీద చేత్తో నంబరు రాస్తే పందెం కారు తయారు. చేల మధ్య ట్రాకులు పుట్టుకొచ్చింది అప్పుడే. ఈ కథలో పోలీసులు లేరు, తుపాకులు లేవు. అందుకే దీన్ని తాతలు తక్కువ చెబుతారు. మనం అడిగి చెప్పించుకోవాలి.

అడిగినా చెప్పని కథ ఒకటుంది. గేటు బయట ఎవరిని ఆపేశారు అన్నది.

ఇండియానాపోలిస్ అనగానే ప్రపంచానికి 500 మైళ్ళ పందెం గుర్తొస్తుంది. 1920ల్లో ఆ పందేన్ని నియంత్రించే సంఘం నల్లజాతి డ్రైవర్లను రానివ్వలేదు. దాంతో 1924లో, అదే ఊళ్ళో, ఇండియానా రాష్ట్రపు ఫెయిర్ మైదానంలోని మైలు మట్టి ట్రాక్ మీద నల్లజాతి డ్రైవర్ల కోసమే వంద మైళ్ళ పందెం మొదలైంది. గోల్డ్ అండ్ గ్లోరీ స్వీప్‌స్టేక్స్ దాని పేరు. చార్లీ విగ్గిన్స్ అనే మెకానిక్ తనే కారు కట్టుకుని ఆ పందేన్ని నాలుగుసార్లు గెలిచాడు. 1936 పందెంలో పెద్ద ప్రమాదం జరిగి ఆయన కాలు పోయింది. ఆ పందెం కూడా దాంతో ఆగిపోయింది. కర్రకాలుతోనే ఆయన గ్యారేజీ నడుపుతూ, కుర్రాళ్ళకు పని నేర్పుతూ 1979లో చనిపోయాడు. నల్లజాతివాళ్ళ పత్రికలు ఆ పందేల గురించి రాశాయి. తక్కిన లోకం మరిచిపోయింది. టాడ్ గూల్డ్ అనే రచయిత బతికున్న ముసలివాళ్ళను వెతికి, వాళ్ళ మాటలు విని, పాత పత్రికలు తిరగేసి 2002లో పుస్తకం వేసేదాకా విగ్గిన్స్ పేరు బయటివాళ్ళకు దాదాపు తెలియదు. ఆ ముసలివాళ్ళను ఇంకో పదేళ్ళు ఎవరూ అడగకపోయి ఉంటే పత్రికల్లో పేర్లే మిగిలేవి, మనిషి మిగిలేవాడు కాదు.

ఇంట్లోనే దాచిన కథలూ ఉన్నాయి. మారియో ఆండ్రెట్టి పేరు విన్నారు కదా, 1969లో ఇండియానాపోలిస్ 500, 1978లో ఫార్ములా వన్ ప్రపంచ టైటిల్ గెలిచినవాడు. ఆయన కుటుంబం ఇటలీలో శరణార్థి శిబిరంలో ఏళ్ళు గడిపి, 1955లో పెన్సిల్వేనియాలోని నజరెత్ అనే చిన్న ఊరికి వచ్చింది. ఆ ఊళ్ళో అప్పట్లో ఒక అరమైలు మట్టి ట్రాక్ ఉండేది. మారియో, అతని కవల సోదరుడు ఆల్డో కలిసి 1948 నాటి హడ్సన్ కారును పందేనికి సిద్ధం చేశారు. తండ్రికి చెప్పలేదు. 1959లో మొదటి పందెం ఎవరు నడపాలన్నది నాణెం ఎగరేసి తేల్చుకున్నారు. ఆల్డోకు పడింది, ఆల్డో గెలిచాడు. తరువాత మారియో కూడా గెలిచాడు. ఆ ఏడాది చివర ఆల్డోకు ప్రమాదం జరిగి తల పగిలింది, చాలారోజులు స్పృహ లేదు. తండ్రికి అప్పుడు తెలిసింది. మారియో పందేలు ఆపలేదు. ఇప్పుడు ఆయనే తాత, మనవడు మార్కో కూడా రేసు డ్రైవర్ అయ్యాడు. ప్రపంచ టైటిల్ సంగతి ఎవరైనా చెబుతారు. నాణెం సంగతి మనకు తెలిసిందంటే ఆ అన్నదమ్ములు చెప్పబట్టే.

తాతలు గొంతు తగ్గించే చోటు కూడా ఒకటుంది. చనిపోయినవాళ్ళ దగ్గర. 1950ల్లో స్ప్రింట్ కార్లకు డ్రైవర్ చుట్టూ ఇనుప పంజరం లేదు. కారు తిరగబడితే ఆధారం అతని తలే. చాలామంది మామూలు చొక్కాతో కూర్చునేవారు. పెన్సిల్వేనియాలో లాంగ్‌హార్న్ అనే మైలు ట్రాక్ ఉండేది. 1926లో కట్టారు. పూర్తిగా గుండ్రం, ఎక్కడా తిన్నని దారి లేదు. డ్రైవర్‌కు ఒక్క క్షణం కూడా చెయ్యి సడలించే వీలు లేదు. అక్కడ ఎందరో మంచి డ్రైవర్లు పోయారు. 1965లో తారు వేశారు, 1971లో మూసేశారు. ఆ నేల మీద ఇప్పుడు షాపింగ్ సెంటర్ ఉంది. లాస్ ఏంజెలెస్ పక్కన గార్డెనాలో ఉన్న ఆస్కాట్ పార్క్ ట్రాక్ 1990లో మూతపడింది. ఇలా ట్రాకే లేకుండా పోయిన చోట, ఫలానా కారు ఫలానా మలుపులో జారిందని చెప్పడానికి ఆ మలుపు కూడా లేదు. తాత వేలు పెట్టి చూపించేది కార్ల పార్కింగునే.

పెద్ద సంస్థలు మట్టిని వదిలేసి తారురోడ్డెక్కాయి. నాస్కార్ పెద్ద సిరీస్ చివరి మట్టి పందెం 1970 సెప్టెంబరు 30న నార్త్ కరోలినాలోని రాలీ ఫెయిర్ మైదానంలో జరిగింది. రిచర్డ్ పెట్టీ గెలిచాడు. మళ్ళీ మట్టి వాళ్ళకు గుర్తొచ్చింది 2013లో. జూలై 24న ఎల్డోరాలో ట్రక్కుల పందెం పెట్టారు. ఆస్టిన్ డిల్లన్ గెలిచాడు. 2021లో టెనెసీ రాష్ట్రంలోని బ్రిస్టల్ కాంక్రీటు ట్రాక్ మీద లారీలతో మట్టి తోలించి పోసి పెద్ద సిరీస్ పందెం నడిపారు. జోయీ లొగానో గెలిచాడు. "మేం ఎక్కడికీ పోలేదు, వాళ్ళే తిరిగొచ్చారు" అన్నారు పెద్దాయన. ఆ మాటలో నిజముంది. పల్లెటూరి ట్రాకుల్లో వేసవి శనివారాలు అన్నేళ్ళూ ఆగలేదు.

ఈ జ్ఞాపకాలను కాగితం మీదికి తెచ్చే పని జరగడంలేదని కాదు. ఐయోవా రాష్ట్రంలోని నాక్స్‌విల్ చిన్న ఊరు. కౌంటీ ఫెయిర్ మైదానంలో నల్లమట్టి ట్రాక్ ఉంది. 1961నుంచి అక్కడ నాక్స్‌విల్ నేషనల్స్ అనే స్ప్రింట్ కార్ల పందేలు జరుగుతున్నాయి. స్టీవ్ కిన్సర్ ఒక్కడే 12 సార్లు గెలిచాడు. ఆ ట్రాక్ పక్కనే 1992లో స్ప్రింట్ కార్ల మ్యూజియం తెరిచారు. పాత కార్లు, హెల్మెట్లు, ఫొటోలు ఉన్నాయి. అయితే మ్యూజియానికి చేరేది గెలిచినవాడి కారు. ప్రతి వారం పదిహేనో స్థానంలో వచ్చి, సోమవారం ఫ్యాక్టరీకి పోయినవాడి కారు తుక్కుకు పోతుంది. అతను లేకపోతే గెలిచినవాడు దాటడానికి ఎవరూ ఉండరు. అతని సంగతి తెలియాలంటే అతని మనవణ్ణి పట్టుకోవాలి.

ఒహాయో, ఇండియానా, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో మన తెలుగువాళ్ళు చాలామంది స్థిరపడ్డారు. కౌంటీ ఫెయిర్ మైదానాల పక్కనుంచే రోజూ ఆఫీసులకు వెళుతుంటారు. అక్కడ పుట్టిన మన పిల్లలకు ఆ ఊరి చరిత్ర కూడా సొంతమే. బడిలో లోకల్ హిస్టరీ మీద ప్రాజెక్టు ఇస్తే ఇంటర్నెట్టు తెరవకముందు కంచె అవతలికి పంపండి. ఎలా అడగాలో మాత్రం చెప్పి పంపండి. "మీ చిన్నప్పుడు రేసులు ఎలా ఉండేవి?" అని అడిగితే "చాలా బాగుండేవి" అంటారు, అక్కడితో సరి. కారు ఎవరిది, టైర్లకు డబ్బెవరిచ్చారు, ట్రాక్ మీద నీళ్ళెవరు పట్టేవారు, చుట్లు లెక్క రాసిందెవరు, గేటు దగ్గర ఎవరిని ఆపేసేవారు, దెబ్బ తగిలితే ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్ళేవారు, ఆ నెల ఇల్లెలా గడిచేది - ఇలా అడగాలి. తాతను అడిగాక అమ్మమ్మనూ విడిగా అడగాలి. ఫోన్‌లో రికార్డు చేసి, తేదీ వేసి, ఆ ఊరి లైబ్రరీకి ఒక కాపీ ఇవ్వాలి. పాత పత్రికలు అక్కడే ఉంటాయి, ఏది నిజమో పోల్చి చూసేవాళ్ళు ఎప్పుడో ఒకరు వస్తారు.

తాత ఏడాది తప్పు చెప్పవచ్చు, రెండు శనివారాలను ఒకటి చేయవచ్చు. చెప్పిన మాటనైతే దిద్దుకోవచ్చు. చెప్పకుండా పోయినదాన్ని దిద్దే కాగితం ఏ లైబ్రరీలోనూ లేదు. అందుకే, ఈ వారమే అడగండి.